వైరస్ తెగుళ్లకు ఏ దారి మేలు: సంకర రకమా, జన్యుమార్పిడా, జన్యు సవరణా?

మొక్కలో వైరస్ ఒకసారి చేరిందంటే దాన్ని వదిలించే మందు లేదు. బూజు తెగుళ్లకు ఉంది, పురుగుకు ఉంది, వైరస్‌కు మాత్రం లేదు. "వైరస్ మందు" అని షాపులో ఇచ్చే సీసా మహా అయితే వైరస్‌ను మోసుకొచ్చే పురుగు మీద పనిచేస్తుంది, లేదంటే మొక్కకు కాస్త పోషకం అందిస్తుంది. అంటే రైతుకు మిగిలినవి రెండే: వైరస్‌ను చేలోకి రానివ్వకపోవడం, వచ్చినా లొంగని మొక్కను వేయడం. అలాంటి మొక్కను తయారుచేసే దారులను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూద్దాం. వ్యవసాయ విద్యార్థులకు, రైతు సంఘాలు నడిపేవాళ్లకు, ఏ పరిశోధన కోసం గట్టిగా అడగాలో తేల్చుకోవాలనుకునే రైతులకు ఇది పనికొస్తుందని నా ఆశ.

నా అభిప్రాయం ముందే చెప్తాను. పంట చుట్టాల్లో ఎక్కడైనా ఆ వైరస్‌కు లొంగని మొక్క ఉంటే, సంకరం చేసి ఆ గుణాన్ని తెచ్చుకోవడమే మొదటి దారి. వెతికినా దొరకనప్పుడు, లేదా దొరికినా సంకరం కుదరనప్పుడు జన్యుమార్పిడికి, అంటే బయటి జన్యువును ల్యాబ్‌లో మొక్కలోకి ఎక్కించడానికి, వెనకాడకూడదు. ఇక జన్యు సవరణ, అదే జీన్ ఎడిటింగ్, అంటే డీఎన్‌ఏను కావాల్సిన చోట కోసి మార్చడం, కొన్ని వైరస్ కుటుంబాల మీద చాలా బాగా పనిచేస్తుంది, కొన్నిటి మీద బోల్తా కొడుతుంది. ఆ తేడా తెలియకుండా దాన్ని సర్వరోగ నివారిణి అనుకోవద్దు.

ముందు వైరస్ సంగతి

ఏ దారి పనికొస్తుందో సగం వైరసే చెప్పేస్తుంది. రెండు విషయాలు చూడాలి: దాన్ని ఎవరు మోస్తున్నారు, దాని జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏనా, డీఎన్‌ఏనా.

బొప్పాయిలో వచ్చే రింగ్ స్పాట్ వైరస్‌ను పేనుబంక మోస్తుంది. కానీ పేనుబంక బొప్పాయి మీద కాపురం పెట్టదు. రెక్కల పురుగు దారిన పోతూ ఆకు మీద వాలి, ముట్టె గుచ్చి, నచ్చక లేచిపోతుంది. ఆ కొద్ది సెకన్లే చాలు, వైరస్ అంటుకుంటుంది. మందు కొట్టిన ఆకు మీద వాలినా, పురుగు చచ్చేలోపే పని అయిపోతుంది. అందుకే బొప్పాయి తోటలో పేనుబంకకు ఎంత మందు కొట్టినా వైరస్ ఆగదు, పెట్టుబడి మాత్రం పెరుగుతుంది.

మినుము, పెసరలో పల్లాకు తెగులు వేరు. దాన్ని మోసేది తెల్లదోమ. వైరస్ ఎక్కడానికి, దిగడానికి అది ఆకు మీద చాలాసేపు రసం పీల్చాలి. కాబట్టి ఇక్కడ విత్తనశుద్ధి, దోమ నివారణ కొంత పనిచేస్తాయి. టమాటా, మిరపల్లో ఆకుముడత వైరస్‌లదీ ఇదే తరహా. వేరుశనగలో మొవ్వుకుళ్ళు వైరస్‌ను తామర పురుగు పిల్ల దశలో ఎక్కించుకుంటేనే, పెద్దయ్యాక మోయగలుగుతుంది.

రింగ్ స్పాట్ ఆర్‌ఎన్‌ఏ వైరస్. పల్లాకు, ఆకుముడత వైరస్‌లు డీఎన్‌ఏవి. జన్యు సవరణ దగ్గరికి వచ్చేసరికి ఈ తేడానే కీలకం అవుతుంది.

సంకరం: నెమ్మదైన దారి, కానీ దగ్గర దారి

మన దగ్గర ఇప్పటిదాకా రైతును కాపాడింది ఎక్కువగా ఇదే. మినుములో పీయూ-31, ఎల్‌బీజీ-787, టీబీజీ-104 లాంటి రకాలు పల్లాకును తట్టుకుంటాయి. కందిలో 1993లో విడుదలైన ఆశ రకం, అంటే ఐసీపీఎల్-87119, వైరస్ వల్ల వచ్చే గొడ్డుమోతు తెగులుతో పాటు ఎండుతెగులును కూడా తట్టుకుంటుంది. టమాటాలో ఆకుముడతను ఆపే టీవై జన్యువులు అడవి టమాటా జాతుల నుంచి వచ్చాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత, బాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేలా చేసిన రకం. మదనపల్లె ప్రాంతంలో టమాటా వేసేవాళ్లకు జన్యుమార్పిడి టమాటా కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ముందు ఏ హైబ్రిడ్‌లో ఏ టీవై జన్యువు ఉందో విత్తన కంపెనీని అడగాలి. ఒకే జన్యువు ఉన్నదాని కంటే రెండు కలిసి ఉన్న హైబ్రిడ్ ఎక్కువకాలం నిలబడే అవకాశం ఉంది.

ఈ దారికి ఉన్న పెద్ద బలం అనుమతుల గొడవ లేకపోవడం. కొనేవాడూ ఏమీ అడగడు. కావాల్సిన జన్యువు మొక్కలో ఉందో లేదో చెప్పే డీఎన్‌ఏ గుర్తులు, అంటే మార్కర్లు, వచ్చాక వేగం కూడా పెరిగింది. వైరస్ కాదుగానీ, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి ఎండాకు తెగులును ఆపే మూడు జన్యువులను మార్కర్ల సాయంతో ఎక్కించారు. అన్నం నాణ్యత మారలేదు. అదే పద్ధతి వైరస్ జన్యువులకూ పనికొస్తుంది.

బలహీనత బెండను చూస్తే తెలుస్తుంది. అర్కా అనామిక, పర్భనీ క్రాంతి వచ్చిన కొత్తలో ఈనెల పసుపు వైరస్‌ను బాగా ఆపాయి. అందరూ అవే వేశారు. కొన్నేళ్లకు వైరస్ మారింది, ఆ రకాలూ లొంగిపోయాయి. ఇంకొకటి, "తట్టుకుంటుంది" అని రాసిన ప్రతి రకమూ వైరస్‌ను ఆపదు. కొన్నిటి ఒంట్లో వైరస్ ఉంటూనే ఉంటుంది, దిగుబడి మాత్రం పెద్దగా పడిపోదు. రాయలసీమలో విరివిగా వేసే తైవాన్ బొప్పాయి రెడ్ లేడీ ఈ కోవలోదే. అలాంటి తోట పక్క తోటకు వైరస్ ఇస్తూనే ఉంటుంది. ఒక్కరి చేనుకు అది లాభమే. ఊరంతటి లెక్కలో చూస్తే దాన్ని పూర్తి పరిష్కారం అనలేం.

బొప్పాయి: జన్యుమార్పిడి నిలబెట్టిన పంట

సంకరం కుదరని పంట ఎలా ఉంటుందో బొప్పాయి చూపిస్తుంది. రింగ్ స్పాట్‌కు లొంగని అడవి చుట్టాలు దక్షిణ అమెరికాలో ఉన్నాయి. కానీ వాటిని బొప్పాయితో కలిపితే పిందె నిలవదు, నిలిచి మొక్క వచ్చినా చాలాసార్లు అది గొడ్డుబోతుంది. దశాబ్దాల తరబడి ప్రయత్నించినా తేలికగా లొంగలేదు.

హవాయిలో ఒయాహు దీవిలో 1940ల్లో ఈ వైరస్ కనిపించింది. అక్కడి తోటలు దెబ్బతిని, సాగు 1960ల్లో పెద్ద దీవిలోని పూనా ప్రాంతానికి తరలింది. మధ్యలో సముద్రం ఉంది కదా అని అందరూ కాస్త ధీమాగా ఉన్నారు. హవాయిలోనే పుట్టి, కార్నెల్ యూనివర్సిటీలో పనిచేస్తున్న డెన్నిస్ గొన్సాల్వెస్ మాత్రం వైరస్ పూనాకు రాకముందే, 1980ల నడుమ నుంచే పని మొదలుపెట్టారు. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైంది ఈ ముందుచూపే. వైరస్ 1992 మేలో పూనాలో బయటపడింది. అప్పటికి జన్యుమార్పిడి మొక్క ప్రయోగ క్షేత్రంలోకి వచ్చేసింది.

ముందు ఆయన బృందం ప్రయత్నించింది జన్యుమార్పిడి కాదు. బలహీనమైన వైరస్ రకాన్ని చిన్న మొక్కకు ముందే అంటిస్తే, అసలు వైరస్ తర్వాత అంత నష్టం చేయదు. బ్రెజిల్‌లో నారింజకు ట్రిస్టెజా వైరస్ విషయంలో ఈ పద్ధతి బాగా నడిచింది. బొప్పాయిలో హవాయిలోనూ, తైవాన్‌లోనూ అనుకున్నంత నడవలేదు. ప్రతి మొక్కకూ చేత్తో అంటించాలి, ఆ బలహీన వైరసే కొంత నష్టం చేస్తుంది, వైరస్ ఒత్తిడి ఎక్కువైతే రక్షణ చెదిరిపోతుంది. కాబట్టి బొప్పాయికి ఈ దారిని నేను సిఫార్సు చేయను.

ఆ బలహీన వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువునే తీసి, జీన్ గన్‌తో, అంటే జన్యువును కణాల్లోకి పేల్చే పరికరంతో, బొప్పాయి పిండాల్లోకి ఎక్కించారు. 1986లో అమెరికాలో రోజర్ బీచీ బృందం పొగాకు మీద చూపించిన ఆలోచనే ఇది. అలా వచ్చిన 55-1 అనే మొక్క నుంచి సన్‌అప్, దాన్ని స్థానిక కపోహో రకంతో కలిపి రెయిన్‌బో తయారయ్యాయి. పూనాలో 1992లో సుమారు 5.3 కోట్ల పౌండ్లున్న దిగుబడి 1998 నాటికి దాదాపు సగానికి పడిపోయింది. అదే ఏడాది మేలో రైతులకు ఈ విత్తనం ఉచితంగా పంచారు. పేటెంట్లు ఉన్నవాళ్లతో ఒప్పందాలు ముందే చేసుకోబట్టి అది సాధ్యమైంది. పంట మళ్లీ నిలబడింది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే దాని హద్దులూ తెలుస్తాయి. మొదట్లో ఆ ప్రోటీనే వైరస్‌ను అడ్డుకుంటుందని అనుకున్నారు. అసలు పని ఆర్‌ఎన్‌ఏ స్థాయిలో జరుగుతోందని తర్వాత తేలింది. ఎక్కించిన జన్యువు వరుసను, అంటే అందులోని జన్యు అక్షరాల క్రమాన్ని, మొక్క గుర్తుపట్టి, అదే వరుస ఉన్న ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ కనిపించినా ముక్కలు చేస్తుంది. అంటే బయటి వైరస్ వరుస దానికి బాగా దగ్గరగా ఉండాలి. రెయిన్‌బో హవాయి వైరస్‌కు లొంగదు, కానీ థాయిలాండ్, తైవాన్ వైరస్ రకాలకు లొంగుతుంది. తైవాన్‌లో చేసిన జన్యుమార్పిడి బొప్పాయికి లీఫ్ డిస్టార్షన్ మొజాయిక్ అనే ఇంకో వైరస్ వచ్చి పడింది. చైనా 2006లో అనుమతించిన హువానోంగ్ నంబర్ 1 బొప్పాయికి కూడా హైనాన్‌లో వైరస్ కొత్త రకాలతో చిక్కు వచ్చింది.

మనకు దీని అర్థం సూటిగా ఉంది. హవాయి విత్తనాన్ని తెచ్చి అనంతపురంలోనో కడపలోనో వేస్తే పని జరగదు. బొప్పాయి పండించడంలో ప్రపంచంలో మన దేశమే ముందుంది, మన రింగ్ స్పాట్ వైరస్‌లో తేడాలూ ఎక్కువే. ఇక్కడి తోటల్లోని వైరస్ వరుసలను బట్టి ఇక్కడే చేసిన రకం కావాలి.

తినడానికి భద్రమేనా అని చాలామంది అడుగుతారు. వైరస్ సోకిన బొప్పాయి పండును మనం ఎప్పటినుంచో తింటున్నాం, అందులో ఇదే ప్రోటీన్ చాలా ఎక్కువ మోతాదులో ఉంటుంది. అమెరికా తర్వాత కెనడా 2003లో, జపాన్ సుదీర్ఘ పరిశీలన తర్వాత 2011లో దీన్ని అనుమతించాయి. నా దృష్టిలో ఆహార భద్రత ప్రశ్నకు ఇక్కడ మంచి జవాబే ఉంది. మార్కెట్ ప్రశ్న మాత్రం అంత తేలిక కాదు. జపాన్ ఒప్పుకునేవరకు హవాయి రైతులు ఆ దేశానికి పంపే పండును జన్యుమార్పిడి లేని చెట్ల నుంచే వేరుగా పెంచి పంపాల్సి వచ్చింది. సేంద్రియ రైతుల తోటల్లోకి పుప్పొడి, విత్తనాల ద్వారా ఆ జన్యువు చేరిందన్న గొడవలూ నడిచాయి. అవి నిజమైన కష్టాలే, తీసిపారేయకూడదు.

కొనేవాడు వద్దంటే మంచి మొక్క కూడా నిలవదనడానికి ఇంకో ఉదాహరణ అమెరికా బంగాళాదుంప. ఆకుచుట్టు వైరస్‌ను ఆపే న్యూలీఫ్ ప్లస్ అక్కడి పొలాల్లో బాగానే పండింది. పెద్ద కొనుగోలుదారులు వెనక్కి తగ్గేసరికి 2001లో కంపెనీ దాన్ని ఆపేసింది. ఎగుమతి మీద ఆధారపడిన పంటకు ఈ దారి ఎంచుకునే ముందు కొనే దేశం ఏమంటుందో ముందు కనుక్కోవాలి. స్థానిక మార్కెట్లో అమ్ముడుపోయే పండుకు ఈ భయం తక్కువ.

ప్రోటీన్ లేకుండా అదే పని

రెండో తరం జన్యుమార్పిడిలో వైరస్ ప్రోటీన్ అసలు తయారు కాదు. వైరస్ వరుసలో చిన్న ముక్కను జడపిన్ను ఆకారంలో మడిచి ఎక్కిస్తారు, మొక్క నేరుగా ఆ వరుస మీద దాడి మొదలుపెడుతుంది. బ్రెజిల్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా ఇలాగే చిక్కుడు జాతి బీన్స్‌లో గోల్డెన్ మొజాయిక్‌ను ఆపే రకం చేసింది, 2011లో దానికి అనుమతి వచ్చింది. ఆ వైరస్‌ను మోసేది తెల్లదోమ, దాని జన్యు పదార్థం డీఎన్‌ఏ. అంటే మన పల్లాకు తెగులుకు దగ్గరి బంధువే. మినుములో పల్లాకును తట్టుకునే రకాలు ఒకవేళ పూర్తిగా లొంగిపోతే, మన వాళ్లు చూడాల్సిన మాదిరి ఇదేనని నేననుకుంటున్నాను. ప్రైవేటు కంపెనీ కాకుండా ప్రభుత్వ సంస్థ చేసింది కాబట్టి విత్తనం ధర భయమూ తక్కువ.

కర్రపెండలం విషయంలో మాత్రం ఒక హెచ్చరిక ఉంది. ఆఫ్రికాలో బ్రౌన్ స్ట్రీక్ వైరస్‌ను ఆపడానికి ఒక రకానికి జన్యుమార్పిడి చేశారు. ల్యాబ్‌లో కణాల నుంచి మొక్కను తిరిగి పెంచే క్రమంలో, ఆ రకానికి పుట్టుకతో ఉన్న మొజాయిక్ నిరోధకత పోయింది. ఒక వైరస్‌ను ఆపబోయి ఇంకోదానికి తలుపు తీసినట్టయింది. కాబట్టి ఏ జన్యుమార్పిడి రకమైనా చూపించినప్పుడు, పాత గుణాలన్నీ ఉన్నాయో లేదో పరీక్షించారా అని తప్పక అడగాలి. గోదావరి జిల్లాల కర్రపెండలం రైతులకైతే మొజాయిక్‌కు తిరువనంతపురం దుంప పంటల సంస్థ ఇచ్చిన శ్రీ రక్ష లాంటి సంకర రకాలున్నాయి. అక్కడ జన్యుమార్పిడి ఊసు ఎత్తాల్సిన అవసరం ఇప్పటికి కనిపించడం లేదు.

జన్యు సవరణ: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ వద్దు

ఇందులో రెండు ఆలోచనలున్నాయి, వాటిని కలిపి మాట్లాడటం వల్లే అయోమయం.

మొదటిది, మొక్క సొంత జన్యువును కొద్దిగా మార్చడం. రింగ్ స్పాట్ ఉన్న పోటీవైరస్ కుటుంబం మొక్కలోని ఈఐఎఫ్4ఈ అనే ప్రోటీన్‌ను పట్టుకుని బతుకుతుంది. ఆ పట్టు దొరక్కుండా చేస్తే వైరస్ పెరగలేదు. కొన్ని మిరప రకాల్లో, లెట్యూస్‌లో ప్రకృతిలోనే అలాంటి మార్పులున్నాయి, వాటిని ఎప్పటినుంచో సంకరంలో వాడుతున్నారు. 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు దోసలో ఈ జన్యువును క్రిస్పర్‌తో, అంటే డీఎన్‌ఏను కోరిన చోట కోసే కత్తెర లాంటి పనిముట్టుతో, మార్చారు. ఒకేసారి మూడు వైరస్‌లకు ఆ దోస లొంగలేదు, అందులో ఒకటి రింగ్ స్పాట్ వైరస్‌లోనే దోస, పుచ్చ జాతులకు వచ్చే రకం. చివరి మొక్కల్లో బయటి జన్యువు ఏదీ మిగల్లేదు. వరిలో ఇలాంటి ఇంకో జన్యువును మార్చి టుంగ్రోకు కారణమయ్యే రెండు వైరస్‌లలో ఒకదాన్ని 2018లో అడ్డుకున్నారు.

రెండో ఆలోచన, వైరస్ డీఎన్‌ఏనే కోసేలా మొక్కలో క్రిస్పర్‌ను ఉంచేయడం. వినడానికి బాగుంది. 2019లో కర్రపెండలంలో మొజాయిక్ వైరస్ మీద ఇలా చేసి చూస్తే మొక్కకు రక్షణ రాలేదు. పైగా మూడో వంతు నుంచి దాదాపు సగం దాకా కోత పడిన వైరస్ జన్యువుల్లో కత్తెరకు దొరకని మార్పు వచ్చేసింది. కోత పెట్టిన చోట డీఎన్‌ఏ తనంతట తాను అతుక్కునేటప్పుడే ఆ మార్పు పుడుతుంది. పల్లాకు, ఆకుముడత లాంటి డీఎన్‌ఏ వైరస్‌లకు ఈ రెండో దారి మీద నాకు నమ్మకం లేదు. పైగా క్రిస్పర్ మొక్కలోనే ఉండాలి కాబట్టి అది జన్యుమార్పిడి కిందికే వస్తుంది.

మొదటి తరహాకు మన దేశంలో దారి సులువైంది. బయటి డీఎన్‌ఏ మిగలని సవరణ మొక్కలను 2022 మార్చిలో కేంద్రం జన్యుమార్పిడి నిబంధనల్లోని ప్రధాన క్లాజుల నుంచి మినహాయించింది. బయటి జన్యువు లేదని నిరూపించాలి, సంస్థ స్థాయి భద్రతా కమిటీ చూడాలి, అంతే. 2025 మేలో ప్రకటించిన మొదటి రెండు సవరణ వరి రకాల మూలాలు రెండూ మనవే. రాజేంద్రనగర్‌లో చేసిన కమల సాంబ మసూరి నుంచి, ఢిల్లీలో చేసిన పూసా డీఎస్‌టీ రైస్-1 మారుటేరు ఎంటీయూ-1010 నుంచి వచ్చాయి. అవి వైరస్ కోసం చేసినవి కావు. కానీ బొప్పాయిలో ఈఐఎఫ్4ఈ జన్యువు మీద పని చేయగల ల్యాబులు, దానికి తోవ ఇచ్చే నిబంధనలు మనకున్నాయని మాత్రం తెలుస్తోంది. క్రిస్పర్ పేటెంట్ల లెక్క తేల్చుకోవాలి, సవరణ వల్ల చెట్టు ఎదుగుదల, కాపు తగ్గలేదని చూసుకోవాలి.

ఇప్పుడు ఏం వేయాలి, ఏం అడగాలి

వాణిజ్యంగా సాగులో ఉన్న జన్యుమార్పిడి పంట మన దేశంలో బీటీ పత్తి ఒక్కటే, అది 2002 నుంచి. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. జన్యుమార్పిడి ఆవాలకు 2022లో వచ్చిన షరతుల అనుమతి మీద 2024లో సుప్రీంకోర్టు ధర్మాసనం భిన్నాభిప్రాయాలు చెప్పింది. కాబట్టి ఎవరైనా "వైరస్ రాని జన్యుమార్పిడి బొప్పాయి నారు" అని అమ్మబోతే కొనకండి. దానికి అనుమతి లేదు, అది మన వైరస్‌కు ఆగుతుందన్న భరోసా అంతకన్నా లేదు.

బొప్పాయి వేసేవాళ్లకు ఈ సీజన్‌కు నా సలహా ఇది. నారును దోమతెర కింద పెంచిన నర్సరీ నుంచే తీసుకోండి. తోట చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ నాటడానికి ముందే వేయండి. పేనుబంక ముందు వాటి మీద వాలి ముట్టె గుచ్చితే మోసుకొచ్చిన వైరస్ అక్కడే చాలావరకు పోతుంది. పక్కన దోస, పుచ్చ, గుమ్మడి వద్దు. వైరస్ లక్షణాలు కనిపించిన మొదటి చెట్లను మొహమాటం లేకుండా పీకేయండి. తైవాన్‌లో చాలామంది తోట మొత్తం వల కింద పెంచుతారు. మంచి ధర ఉన్నచోట ఆ లెక్క వేసి చూడొచ్చు, మామూలు ధరకు మాత్రం గిట్టదు.

వేరుశనగ రైతుల సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 2000లో అనంతపురంలో కాండం కుళ్ళు వైరస్ సుమారు 2.25 లక్షల హెక్టార్లను దెబ్బతీసింది, నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని అంచనా. ఆ వైరస్‌కు వయ్యారిభామ మొక్కే పెద్ద నిలయం, దాని పుప్పొడి, తామర పురుగులు కలిసి వైరస్‌ను చేలోకి తెస్తాయి. సాగు రకాల్లో గట్టి నిరోధకత దొరకలేదు, అడవి వేరుశనగ జాతుల్లో మాత్రం ఉంది. గట్ల మీది వయ్యారిభామను పూతకు ముందే తీసేయడం, జొన్న లేదా సజ్జ కంచె వరుసలు, విత్తనశుద్ధి: ఇప్పటికి ఇవే ఆయుధాలు. ఇవి పనిచేస్తాయి, కానీ ఊరంతా కలిసి చేస్తేనే. వర్షాధార రైతుకు ఏటా అంత శ్రమ పెట్టే స్తోమత ఉండదు. జన్యుమార్పిడి చేసి తీరాల్సిన మన పంట ఏదని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే. పటాన్‌చెరులో ఇక్రిశాట్, తిరుపతిలో విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం రెండూ దగ్గరే ఉన్నాయి. రైతు సంఘాలు వాళ్లను అడగాల్సినవి: అడవి జాతుల నుంచి సంకరం ఎంతవరకు వచ్చింది, అది కుదరకపోతే ఆర్‌ఎన్‌ఏ పద్ధతిలో చేసిన మొక్కలు ఏ దశలో ఉన్నాయి, క్షేత్ర పరీక్షకు రాష్ట్రం నుంచి కావాల్సిన అనుమతి ఎక్కడ ఆగింది.